తల్లిదండ్రుల కొలతలు

తోడల్లుడి మాట వస్తే చాలు, దర్జీకి కత్తెర వంకర పోయేది.

"వాడూ కొన్నాడు పందిని. పొట్టి జాతట, పొట్ట నేలకి రాసుకునే రకమట, ఎన్నేళ్ళొచ్చినా పిల్లంతే ఉంటుందట. ఎవడో చెప్పాడు, వీడు గంగిరెద్దులా తలూపాడు. మొదట్లో అది సోఫా కింద పడుకునేది. మూడో ఏడు వచ్చేసరికి, వీడు కూర్చునుండగానే సోఫాని పైకి లేపింది. ఆఖరికి ఎవరికో అప్పగించి వచ్చారు. వదిన నెల్లాళ్ళు ఏడ్చింది. వీడికి బుర్రుంటేగా!"

ఎదురుపడితే మాత్రం అన్నయ్యా అనే పిలిచేవాడు.

ఇప్పుడు దర్జీ భార్యకీ అలాంటి పందిపిల్లే కావాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదే. కాదనలేకపోయాడు.

ఇంటి ఓనరు కాదన్నాడు. కింద గదిలో కుట్టుమిషన్లు, పై గదిలో కాపురం. రెండు గదులూ ఆయనవే. దర్జీ కాళ్ళావేళ్ళా పడ్డాక కాస్త మెత్తబడ్డాడు.

"మోకాలి ఎత్తుదాకా ఊరుకుంటాను. దాటిందా, పైదీ కిందదీ రెండూ ఖాళీ చెయ్యాలి. అప్పుడొచ్చి నా దగ్గర ఏడవకూడదు."

దర్జీ దుకాణం మారిస్తే పాత బేరాలు వెంటరావు. కొత్తవి రావడానికి వయసు లేదు. అందుకే మెడలో టేపు వేసుకునే బయల్దేరాడు.

పందులమ్మేవాడి పెరట్లో తీగల కంచె, రేకుల పాక. బుట్టలో నల్లటి పందిపిల్ల. దర్జీ భార్య దాన్ని చూసి "బంగారూ" అంది. బేరం అక్కడే సగం చెడిందని దర్జీ పళ్ళు కొరుక్కున్నాడు.

"పిల్ల సంగతి తర్వాత. తల్లిని చూసి పిల్లని, పాడిని చూసి బర్రెని తెచ్చుకోమన్నారు పెద్దలు. ముందు దీని తల్లినీ తండ్రినీ చూపించు."

"అడగాల్సిన మాట అడిగారు మాస్టారూ. చాలామంది అడగరు." వాడు పాక గడి తీశాడు.

తల్లీ తండ్రీ బయటికొచ్చాయి. వీపు ఉయ్యాలలా వంగింది. పొట్ట వేలాడుతోంది. తోక మెలి తిరక్కుండా తిన్నగా ఉండి చివర కుచ్చులా ఉంది. ముఖమంతా ముడతలే.

"ఈయనకి మనవలు కూడా పుట్టినట్టున్నారే!" అన్నాడు దర్జీ.

"ఈ జాతి ముఖాలే అంతండీ."

పందిపిల్ల బుట్టలోంచి దూకి పోయి తల్లి పొదుగు అందుకుంది. తల్లి విషయంలో ఇక అనుమానం లేదు. పెరట్లో మగది ఆ ఒక్కటే. తండ్రి విషయంలోనూ లేదు.

తల్లి పిల్లని విదిలించుకుని, ఖాళీ బకెట్టుని ముట్టెతో దొర్లించుకుంటూ పరుగందుకుంది.

"ఏవండీ, పిల్ల బుద్ధిగానే ఉంది, తల్లే గంతులేస్తోందేంటి?" అంది దర్జీ భార్య.

"మొదటి కాన్పు కదమ్మా, ఇంకా సరదా తీరలేదు" అన్నాడు అమ్మేవాడు.

దర్జీ టేపు తీసి, వంగి మగదాని పొట్ట కింద చెయ్యి వేశాడు.

"ఎత్తకండి మాస్టారూ! వీటిని ఎత్తితే గొంతు కోస్తున్నట్టు అరుస్తాయి. మేత వేస్తాను, తినేటప్పుడు కొలుచుకోండి."

తండ్రి భుజం దగ్గర కొలిచాడు. పక్కనే నిలబడి తన మోకాలితో సరిచూసుకున్నాడు. మోకాలికి నాలుగు వేళ్ళు తక్కువే. తల్లి ఇంకా తక్కువ.

"కడుపు మాడ్చి పొట్టిగా ఉంచావేమో?"

"ఆ పొట్టలు చూసి మీరే చెప్పండి."

దర్జీ చూశాడు. టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు.

"ఒక్క మాట మాస్టారూ, తర్వాత నన్ననద్దు. ఈ పంది ఎదగడం ఆగేసరికి నాలుగేళ్ళు పడుతుంది."

"ఎదగనీవయ్యా! ఎదిగాక ఎంతుంటుందో ఎదురుగా నిలబడి మేస్తోందిగా!"

అమ్మేవాడు డబ్బు లెక్కపెట్టుకున్నాడు.

పందిపిల్ల దర్జీ భార్య ఒళ్ళో ఇల్లు చేరింది. దర్జీ ఓనరుని పిలిచి టేపు మీద వేలు పెట్టి మరీ చూపించాడు. ఓనరు తన మోకాలు కూడా కొలిపించుకుని సరేనన్నాడు. ఆ వెంటనే దర్జీ పాత కంబళి ముక్క తీసి, పంది పెద్దయ్యాక తొడగడానికి తండ్రి కొలతలతో చలికోటు కత్తిరించాడు. బడిపిల్లల నిక్కర్లకి ఎదుగుతారని అంచులో మడత వదిలి కుట్టే మనిషి, దీనికి అంగుళం గుడ్డ కూడా ఎక్కువ వదల్లేదు.

తర్వాత తోడల్లుడికి ఫోను చేశాడు.

"అన్నయ్యా, తెచ్చాం. తల్లిదండ్రుల్ని చూసి, కొలిచి మరీ తెచ్చాను. అందరూ ఒకేలా మోసపోరు కదా!"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. దర్జీ చాలా రోజుల తర్వాత ఈల వేశాడు.

అక్కడ పెరట్లో అమ్మేవాడు తల్లికీ తండ్రికీ చెరో దోసెడు దాణా ఎక్కువ వేశాడు.

పాపం, ఎదిగే వయసు. ఇద్దరికీ మొదటి ఏడు నిండటానికి ఇంకా నెల ఉంది.