అడ్డుపడిన పన్ను

ఛాతీ ఎముక కోసి, గుండె ఆపి, చీము పట్టిన వాల్వు తీసేసి కొత్తది కుడతామంటే ఆయన కళ్ళు మూసుకుని సంతకం పెట్టేశాడు. పన్ను పీకుతామంటే మాత్రం మూడు రోజులుగా నోరు తెరవడం లేదు.

భార్యకి తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

గుండె డాక్టరమ్మ పొద్దున్నే మళ్ళీ వచ్చి చెప్పింది. "ఆ పుచ్చుపన్నులోంచే క్రిములు రక్తంలోకి దిగి వాల్వుని తినేస్తున్నాయమ్మా. అది ఉండగా కొత్త వాల్వు పెడితే దాన్నీ తినేస్తాయి. ఎల్లుండి దాటితే ఇక నా చేతుల్లో లేదు."

"విన్నారా?" అంది భార్య, ఆవిడ గుమ్మం దాటగానే.

"విన్నాను. ఆ పన్ను గట్టిగానే ఉంది. ఇంకో పదేళ్ళు ఉంటుంది."

"మీరుండొద్దూ!"

ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్నా పంతం మాత్రం చెక్కుచెదరలేదు. రెండేళ్ళుగా ఇదే వరస. దవడ వాచినప్పుడల్లా అద్దం ముందు నిలబడి తనే చూసుకోవడం, లవంగం కొరకడం, ఒక పక్కనే నమలడం. ఎవరికైనా చూపించుకోండి మహాప్రభో అంటే, "ఎవరికి చూపించను? నవ్వరూ?" అని కసిరేవాడు. ఆ నవ్వుల భయం ఇవాళ గుండె మీదికొచ్చింది.

పదకొండింటికి పళ్ళ డాక్టరు పళ్ళెంతో వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మంచం మీది మనిషిని చూడగానే నుదుట చెమట పట్టింది. సూది పట్టుకున్న చెయ్యి సన్నగా వణికింది.

"చూడవే ఆ వణుకు!" ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "మోచెయ్యి దించవయ్యా, కంట్లో పొడిచేలా ఉన్నావు!"

"పాపం, ఆయన్నెందుకు ఆడిపోసుకుంటారు? కాస్త నోరు తెరవండి, మీకు దండం పెడతాను," అంది భార్య.

"ఒక్క నిమిషం సార్. నొప్పే ఉండదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"అబద్ధం!" మంచం కిర్రుమంది. "చీమట చీమ! ఇలాంటి పచ్చి అబద్ధాలు చెప్పి జనాన్ని కుర్చీలో కూలేయమని నీకు నేర్పినవాడెవడు?"

భార్య మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

డాక్టరు సూది పళ్ళెంలో పెట్టి, బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు.

"డెంటల్ కాలేజీలో మూడో ఏడాది మాకు పన్ను పీకడం నేర్పింది మీరే కదా సార్!"