మెడలో తాళంచెవి

“తాళంచెవి ఇటియ్యి బిడ్డా,” అంది సిస్టర్ లూర్దు, బోర్డు మీద భాగహారం సగంలో ఆపి.

వనిత చెయ్యి మెడ దగ్గరికి పోయింది. నల్లదారానికి కట్టిన గేటు తాళంచెవి జాకెట్టు లోపల వెచ్చగా ఉంది.

“గేటు తీయాల్నా సిస్టరమ్మా? నేను పోయి తీస్త.”

“తీసుడు కాదు. ఇచ్చెయ్యి.”

చాపల మీద కూర్చున్న ఆడవాళ్లంతా తలలెత్తారు. వనిత దారం తల మీంచి తీసి ఇచ్చింది. సిస్టర్ దాన్ని తీసుకుపోయి, గోడవారన మోకాళ్లలో తల పెట్టుకున్న జువేరియా మెడలో వేసింది. జువేరియా వచ్చి వారం కూడా కాలేదు. అన్నం ముందు పెడితే పక్కకు నెడుతుంది, పలకరిస్తే ఏడుస్తుంది.

“ఇగ గేటు నీ జిమ్మా,” అని సిస్టర్ మళ్లీ సుద్దముక్క అందుకుంది. “ఆఁ, ఏడు ఎనిమిదులు ఎంత?”

నిన్నటిదాకా గడగడా చెప్పిన వనితకు ఏడు ఎనిమిదులు గుర్తుకు రాలేదు.

అమీర్‌పేట మెట్రో వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న మేడ అది. పంజాగుట్టలో ఏళ్ల తరబడి బడిపిల్లలకు లెక్కలు చెప్పిన సిస్టర్, ఇప్పుడు జైలు నుంచి వచ్చిన ఆడవాళ్లకూ, మత్తుకు అలవాటు పడ్డవాళ్లకూ ఆ మేడలో చోటిచ్చి అవే లెక్కలు చెబుతోంది. వనిత నడుం నొప్పికని మొదలుపెట్టిన మాత్రలు, అవి లేనిదే పొద్దు గడవనిదాకా తెచ్చాయి. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా, పక్కన బిడ్డ రవళి ఏడుస్తున్నా లేవలేదు. భర్త ప్రవీణ్ క్యాబ్ తీసుకుని పోతే ఎప్పటికి వస్తాడో తెలియదు. అందుకే అత్త వజ్రమ్మ రవళిని శ్రీనగర్ కాలనీలో తాను పనిచేసే ఇంటికి తీసుకుపోయింది.

ఇక్కడికి వచ్చిన కొత్తలో వనిత గేటు ఊచలు పట్టుకుని అరిచేది. ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. అట్లాంటి రోజుల్లోనే సిస్టర్ తాళంచెవి ఆమె మెడలో వేసింది. వనిత ఎన్నోసార్లు దాన్ని తాళంలో పెట్టింది. ఇంత నమ్మిన మనిషికి రేపు ముఖమెట్లా చూపించాలని తిప్పకుండానే వెనక్కి వచ్చింది.

ఫోన్లో అత్తకు సంబరంగా చెప్పుకుంది కూడా అదే.

“అత్తమ్మా, ఇంటి తాళంచెవి నాకే ఇచ్చింది సిస్టరమ్మ.”

“గంత నమ్మిందా!” వజ్రమ్మ గొంతు మొదటిసారి మెత్తబడింది. “మంచిది. పిల్లను తీస్కొని వస్త. నా కండ్లతోని చూసినంక, నిన్ను ఇంటికి తోలుకపోయే సంగతి ఆలోచిస్త.”

ఆమె వచ్చేది ఈరోజే.

క్లాసు అయ్యాక వనిత వంటింట్లో కూలబడింది.

“నిన్న రవళితోని ఫోన్ల మాట్లాడుకుంట గేటు తీసుడు మరిచిన రహీమక్కా. పాలాయన పిలిచి పిలిచి పోయిండు. గందుకే గుంజుకున్నది.”

ఉల్లిగడ్డలు కోస్తున్న రహీమా పకపకా నవ్వింది. “గేటున్నదన్న సంగతే యాదిలేదా నీకు? పాగల్!”

“నవ్వకు. నీ కాడికెల్లి గుంజుకున్ననాడు నువ్వు ఏడ్వలేదా?”

“మస్తు ఏడ్చిన. జైలు నుంచి వచ్చిన కొత్తల నా మెడల ఏసే. నువ్వు రాంగనే తీసి నీకిచ్చే. సిస్టరమ్మతోని మాట్లాడుడే బంద్ చేసిన.”

“మరి?”

“మరేముంది, వంట చేసుకుంట ఈడనే ఉన్న. ఫికర్ చెయ్యకు. జర మొఖం కడుక్కో, అత్త వస్తది.”

గేటు దగ్గర రవళి గొంతు వినిపించింది. జువేరియా తాళం తీసి, రోడ్డువైపు కాసేపు అట్లాగే చూసి, పక్కకు జరిగింది. రవళి ఉరికి వచ్చి తల్లిని చుట్టుకుంది.

“అమ్మా, తాళంచెవి చూపెట్టు! నానమ్మ చెప్పింది, నీ కాడ ఉన్నదని.”

వనిత చెయ్యి మెడ దాకా పోయి ఆగింది.

“గా పిల్ల మెడల ఉన్నదేంది?” అంది వజ్రమ్మ.

“పొద్దుగాల తీసుకున్నది సిస్టరమ్మ.”

“ఏం చేసినవ్?”

“ఏం చెయ్యలే అత్తమ్మా.”

“చెయ్యకుంటే ఊకెనే గుంజుకుంటదా? మళ్ల మింగినవా మాత్రలు?”

“రవళి మీద ఒట్టు…”

“పిల్ల మీద ఒట్లు పెట్టకు. అప్పుడు సుత గిట్లనే పెట్టినవ్.”

వజ్రమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది. రవళి తల్లి కొంగు వదల్లేదు. ఇద్దరూ చెరోవైపు లాగితే బిడ్డకు నొప్పి పుడుతుందని, వనితే ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటిగా విప్పింది.

వాళ్లు గేటు దాటబోతుంటే సిస్టర్ మెట్లు దిగి వచ్చింది. చేతిలో వనిత బట్టల సంచి ఉంది. తనను ఇక్కడి నుంచి కూడా వెళ్లగొడుతోందనుకుంది వనిత.

“కోడల్ని ఇడిచిపెట్టి పోతున్నవేంది వజ్రమ్మా?”

“ఇంకేం చెయ్యాలె సిస్టరమ్మా? తాళంచెవి కాడనే నమ్మకం లేని మనిషిని ఇంటికెట్ల తోలుకపోను?”

సిస్టర్ నవ్వి, సంచి వజ్రమ్మ చేతిలో పెట్టింది.

“ఈ ఇంట్ల తాళంచెవి పారిపోయేటోళ్లకే ఇస్త.”