పక్కింటి వెచ్చదనం

నాలుగింటికే చీకటి పడింది. మూరియల్ కోటు తొడుక్కుని, అల్లిక సంచీ చేతిలోకి తీసుకుంది.

"మళ్ళీ నెవిల్ ఇంటికేనా?" అన్నాడు భర్త క్లిఫర్డ్.

"ఇక్కడ కూర్చుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అక్కడైతే వెచ్చగా ఉంటుంది. నువ్వూ రారాదూ?"

"నా ఇంట్లో నాకు చలేం లేదు," అన్నాడు, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.

ఆమె వెళ్ళిపోయింది. క్లిఫర్డ్‌కి కడుపు మండిపోయింది.

హాలిఫాక్స్ ఊరి కొండవాలులో ఆ రెండిళ్ళూ ఒకప్పుడు ఒకటే ఇల్లు. తాతల కాలంలో ఎవరో అన్నదమ్ములకు పడక మధ్యలో గోడ లేపారు. ఇప్పుడు గోడకిటు, పెళ్ళాం ఉండీ చలికి వణికే క్లిఫర్డ్. గోడకటు, భార్య పోయినా జనవరిలో పొట్టి చేతుల చొక్కాతో తిరిగే నెవిల్. ఇదెక్కడి న్యాయం?

పైగా ఆ మాటలొకటి. మొన్న క్రిస్మస్‌కి విస్కీ సీసా తెచ్చి చేతిలో పెట్టి, "అంతా నీ చలవే క్లిఫ్, లేకపోతే ఈ చలికాలం ఎలా గడిచేదో!" అన్నాడు. పెళ్ళాన్ని రోజూ తనింట్లో కూర్చోబెట్టుకుని మొగుడికి సీసా! క్లిఫర్డ్ దాని మూతైనా తియ్యలేదు.

తప్పంతా తన బాయిలర్‌దేనని తేల్చుకున్నాడు. వంటింట్లో అది గుర్రుగుర్రుమంటూ నీళ్ళు కాస్తుంది. ఆ వేడినీళ్ళు గొట్టాల్లో తిరిగి ప్రతి గదిలోని రేడియేటర్‌నీ వెచ్చబెట్టాలి. కానీ పిల్లి కూడా ఆ రేడియేటర్ల దగ్గర పడుకోవడం మానేసింది.

బాయిలర్లు బిగించే సలీమ్ వచ్చి ఇల్లు చూశాడు.

"ఉండేది ఇద్దరు, స్నానాల గది ఒకటి. మీకు నీళ్ళ ట్యాంకు దండగ. అప్పటికప్పుడు కాచి ఇచ్చే చిన్న కాంబీ బాయిలర్ చాలండీ. అసలు ఇంత ఇంటికి మీ పాతదే సరిపోవాలే!"

"చిన్నదేం వద్దు. పక్కింటివాడి దానికన్నా పెద్దది కావాలి."

"వాళ్ళదేంటి?"

అడగడానికి క్లిఫర్డ్‌కి ప్రాణం ఒప్పుకోలేదు. అయినా కంచె దగ్గర నిలబడి అడిగాడు. "నెవిల్, నీ బాయిలర్ అసలు చప్పుడే చెయ్యదేం?"

నెవిల్ పడీ పడీ నవ్వాడు. "భలేవాడివి క్లిఫ్! కొత్తది పెట్టిస్తున్నావటగా? పెద్దదే తీసుకో. పిసినారితనం చెయ్యకు."

ఆ నవ్వుకి క్లిఫర్డ్ ఒళ్ళు మండింది. ఉన్నవాటిలోకెల్లా పెద్దది, ట్యాంకుతో సహా బిగించమన్నాడు. సలీమ్ తల గోక్కుంటూ బిగించి వెళ్ళాడు.

ఆ సాయంత్రం క్లిఫర్డ్ గడ్డం గీసుకున్నాడు. మూరియల్ కుర్చీని రేడియేటర్ పక్కకు జరిపి, అల్లం కేకు కోసిపెట్టాడు. గది కాస్త వెచ్చబడింది కూడా. మూరియల్ కూర్చుంది. కేకు తింది. చేతులు రుద్దుకుంది. సంచీ అందుకుంది.

"ఇంకా ఎక్కడికి?"

"ఏమీ అనుకోకు. నెవిల్ మధ్యాహ్నం నుంచీ కిటికీలు తెరుచుకుని కూర్చున్నాడట. అంత వెచ్చగా ఉందట అక్కడ."

కాసేపటికి గోడవతల నుంచి ఆమె నవ్వు వినిపించింది. తన దగ్గర అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. క్లిఫర్డ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఆమే లేనప్పుడు ఇది ఎవరికోసం మండాలి? విసురుగా వంటింట్లోకి వెళ్ళి కొత్త బాయిలర్ ఆపేశాడు. వచ్చి కోటు కప్పుకుని చీకట్లో కూర్చున్నాడు.

చాలాసేపటికి గోడవతల నవ్వు ఆగింది. ఆ తర్వాత తలుపు చప్పుడైంది. మూరియల్ వచ్చింది, ముక్కు ఎర్రబడి, వణుకుతూ. వచ్చిందిలే అని క్లిఫర్డ్ మనసు పొంగింది. ఆమె వెనకే దుప్పటి కప్పుకుని నెవిల్.

"ఏం క్లిఫ్, మా రేడియేటర్లన్నీ చల్లబడిపోయాయి, మన బాయిలర్ గానీ ఆపేశావా ఏంటి?" అన్నాడు.