అవతలి చివర

"ఈసారి చూడు," అంటూ భర్త కేబుల్ చివర మళ్లీ కత్తిరించి కొత్త కనెక్టర్ నొక్కాడు.

వైరు టెస్టర్ మీద ఒక లైటు వెలగకుండా మళ్లీ మొండికేసింది. గేటుకి పెట్టాల్సిన కెమెరా వైరు, కోసి కోసి ఇప్పుడు హాలు గుమ్మం కూడా దాటదు.

"పొద్దుట్నుంచీ ఈ చివరే కోస్తున్నారు. అవతలి చివర చూడరేం?" అంది భార్య.

"దాని జోలికి నేను పోను. అది మీ తమ్ముడు బిగించింది."

"అయితే?"

"వాడు బిగించిన హాలు ఫ్యాను ఊగుతోందని నేనన్నందుకు ఎన్నాళ్లు మూతి ముడుచుకున్నావో గుర్తుందా?"

ఆమె కత్తెర అందుకుని తమ్ముడి కనెక్టర్ తెంపేసింది. ఆయన అక్కడ కొత్తది నొక్కాడు. లైట్లన్నీ వెలిగాయి.

వైరు అందినంత దూరంలో, హాల్లోనే కెమెరా తగిలించారు. టీవీలో మొదటి బొమ్మ వచ్చింది. తెర నడుమ హాలు ఫ్యాను.

ఆమె చాలాసేపు చూసింది.

"ఊగుతోందండీ," అంది మెల్లగా.