చెల్లెకు నచ్చిన ఫోను

“రెండూ చూసినవు గదా చెల్లె, ఇగ ఒకటి తేల్చు,” అన్నాడు భూపాల్ మూడోసారి.

హర్షిణి తేల్చలేదు. గాజు బల్ల మీద పక్కపక్కన పెట్టిన ఐఫోన్ ప్రోనూ గెలాక్సీ అల్ట్రానూ మార్చి మార్చి చేతిలోకి తీసుకుంటోంది. ఒక్కొక్కటి లక్ష దాటిన ఫోను. గోదావరిఖని లక్ష్మీనగర్‌లోని ఆ దుకాణానికి వాళ్లు వచ్చి గంటన్నర అయింది. దుకాణం యజమాని సంపత్ రెండుసార్లు చాయ్ తెప్పించాడు.

భూపాల్ చొక్కా జేబులో మడిచిన స్టాంపు కాగితం ఉంది. తండ్రి లింగమూర్తిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసిందనీ, బొగ్గు బాయిలో ఆయన ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుందనీ అతనికి వారం కిందటే తెలిసింది. పిల్లలంటే తనూ, తండ్రి దగ్గరే ఉంటున్న హర్షిణీ. అన్నకు ఆ ఉద్యోగం ఇవ్వడానికి తనకేమీ అభ్యంతరం లేదని చెల్లెలు ఒక్క సంతకం పెడితే చాలు. కొడుకు ఉండగా ఆడబిడ్డను బాయిలోకి ఎవరు పంపుతారని భూపాల్ ధీమా. అయినా కాగితం చేతిలో ఉండడం మంచిదని అతని భార్య హెచ్చరించింది. అందుకే నిన్న మంచిర్యాల నుంచి ఫోన్ చేసి, పగిలిన ఫోనుతో ఎన్నాళ్లు తిప్పలు పడతావు, నీకు నచ్చింది కొనిస్తానన్నాడు. ఏ పదిహేను వేలదో అడుగుతుందనుకున్నాడు. ఆమె దుకాణంలో అడుగు పెడుతూనే అన్నిటికంటే పెద్దవి రెండు తియ్యమంది. ఫోను చేతిలో పడ్డాకే కాగితం ముచ్చట అని దారిలోనే చెప్పింది.

దేని కెమెరా బాగుంటుంది, దేంట్లో ఛార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుంది, కింద పడితే ఏది తట్టుకుంటుంది అని ఆమె అడుగుతూ పోయింది. సంపత్ ఓపికగా చెబుతూ పోయాడు. చివరికి హర్షిణి తల ఎత్తింది.

“సంపతన్నా, ఒక్కటి చెప్పు. ఈ రెంట్ల దేన్నుంచి చేస్తే మా అన్న ఎత్తుతడు?”

సంపత్ నవ్వబోయి, భూపాల్ మొహం చూసి ఆగిపోయాడు.

“గట్లంటవేంది చెల్లె?”

“బాపు దవాఖానల ఉన్న పద్దెనిమిది రోజులు చేసిన. ఒక్కపారి గూడ ఎత్తలె. నా ఫోనే మంచిది కాదేమో అనుకున్న.”

“పనుల మీద ఉన్న.”

“అవును. ఒకసారి వదిన ఎత్తింది. రాంగ్ నంబర్ అని పెట్టేసింది.”

భూపాల్ పళ్లు బిగపట్టాడు. పడనీ, సంతకం పడనీ, తర్వాత చెబుతాను దీని సంగతి అనుకున్నాడు. ఉద్యోగం రాగానే తండ్రీ చెల్లెలూ ఉంటున్న కంపెనీ క్వార్టర్ తన పేరు మీదికి వస్తుంది. ముందుగా బయటపడేది ఈమె పెట్టె. ఈ లక్ష రూపాయల ఫోను పట్టుకుని అద్దె గదుల కోసం గల్లీ గల్లీ తిరుగుతుంటే తను మోటారు సైకిలు మీద పక్కనుంచే వెళ్తాడు, ఆగడు. ఆ దృశ్యం ఊహించుకుంటే అతనికి కాస్త ప్రాణం కుదుటపడింది.

హర్షిణి ఐఫోన్ కావాలంది. భూపాల్ కార్డు తీసి ఇచ్చాడు. సంపత్ ఇరవై నాలుగు నెలల వాయిదాలు లెక్కకట్టేలోపు ఆమె మనసు మార్చుకుంది. అల్ట్రాకు పెన్ను వస్తుంది కదా, అదే ఇయ్యమంది. నలుపు వద్దంది. బూడిద రంగు లోపలి గదిలోంచి తెప్పించింది. దానికి కవరు, అద్దం మీద అంటించే గ్లాసు, చెవుల్లో పెట్టుకునేవి కూడా తీసుకుంది. ఒక్కోటీ చేరినప్పుడల్లా అన్న వైపు చూసింది. అతను ప్రతిసారీ తల ఊపాడు.

కార్డు గీకడం అయింది. హర్షిణి తన చేత్తోనే సీలు చించి, ఫోను వెలిగించి, భూపాల్ మొహానికి ఎదురుగా పట్టింది.

“జర నవ్వన్నా.”

అతను నవ్వాడు. ఆమె ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూసింది.

“ముక్కు మీద చెమట గూడ కనవడుతున్నది. మంచి ఫోనే.”

భూపాల్ ఇక ఆగలేకపోయాడు. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. సంతకం పెట్టాల్సిన చోట వేలు ఆనించి, సంపత్ దగ్గర పెన్ను అడిగి తీసుకుని ఆమె ముందు పెట్టాడు.

హర్షిణి కాగితం మొదటి నుంచి చివరి దాకా తీరిగ్గా చదివింది. మళ్లీ ఉన్నట్టే మడిచింది. ఫోనును డబ్బాలో పడుకోబెట్టి, దాని మీద కాగితం పెట్టి, మూత మూసి, డబ్బాను అన్న వైపు జరిపింది.

“నీ దగ్గరనే ఉంచుకో అన్నా. బాపు తన నౌకరికి నా పేరు రాయించి మూడు నెలలైంది, సోమవారం నుంచి నాకు ఫస్టు షిఫ్టు. బాయిలకు ఫోన్ తీస్కపోనియ్యరు.”