చైను చప్పుడు

అన్నయ్యకు పని చేతకాదా, లేక నేనంటేనే పడదా? ఏళ్ల తరబడి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే నా కారు ఇంజన్‌లో టైమింగ్ చైను గలగలమంటుంది, వేడెక్కాక ఊరుకుంటుంది. మెకానిక్ షెడ్డు నడిపే అన్నయ్యే బాగుచేస్తాడు. కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది.

ఎవరి బండికి ఏం మార్చినా, తీసేసిన పాత సామాను కాగితంలో చుట్టి వాళ్ల చేతికివ్వడం అతని షెడ్డు పద్ధతి. నాకు ఒక్కసారీ ఇవ్వలేదు.

"చైను బిగించే టెన్షనర్ మార్చానన్నావుగా. పాతదేది?" అని ఇవాళ అడిగేశాను.

"అంత చదువూ చదివింది దొంగల్ని పట్టుకోడానికా? నమ్మకం లేకపోతే ఇంకో షెడ్డు చూసుకో."

"నడిరోడ్డు మీద చైను తెగితే నా గతేంటి?"

"తెగేదాకా రానిస్తానా?"

అని, నోరు జారినట్టు ఆగిపోయాడు. అతని వెనక అరలో దుమ్ము పట్టిన డబ్బా ఒకటి కనిపించింది. చేతిలోకి తీసుకున్నాను. సీలు విప్పని కొత్త టెన్షనర్. మూత మీద అతని రాతలో నా కారు నంబరు.

"ఇదెందుకు వెయ్యలేదన్నయ్యా?"

గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తిట్టినట్టే అన్నాడు. "వేస్తే మళ్లీ ఈ గుమ్మం తొక్కుతావేంటి నువ్వు?"

డబ్బా నా చేతిలోనే ఉంది. బిగించమనాలో, తిరిగి అరలో పెట్టేయాలో నాకింకా తేలడం లేదు.