ఇంజనుకు పిండం

కడోదరా హైవే పక్కన, ‘జీవితాంతం తోడుంటాం’ అన్న షోరూం బోర్డు కిందే పరుశురాం తన టాక్సీ బానెట్ ఎత్తి, ఇంజనుకు బంతిపూల దండ వేశాడు. ఎదురుగా విస్తరిలో అన్నం, కోడికూర పెట్టాడు.

మాస్కు సర్దుకుంటూ మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఆ పరాయి రాష్ట్రంలో ఆయనా పరుశురాంలాగే తెలుగువాడే. “ఏంటయ్యా ఈ వేషాలు?”

“నా ఇంజన్ సచ్చిపోయింది సార్. ఇయ్యాల మూడోరోజు. కాకికి పెడుతున్న.”

“లాక్‌డౌన్‌లో నువ్వు సర్వీసు చేయించలేదు. వారంటీ చెల్లదని చెప్పాం కదా!”

“అప్పుడు మీ షట్టర్‌కే తాళముండె. ఆ తాళంతోని చేయించుకోవాల్నా?”

కార్లు కొనడానికి వచ్చినవాళ్లు ఎడం పాటించాలన్న సంగతి మరిచి చుట్టూ మూగారు. కాకులు విస్తరి దాకా వస్తున్నాయి, ముట్టకుండానే ఎగిరిపోతున్నాయి.

“కోరిక తీరకుంటే కాకి ముట్టది సార్. దీని కోరికేందో మీకు ఎరికే,” అన్నాడు పరుశురాం.

ఒక పెద్దాయన బుకింగు రద్దు చేయమన్నాడు. మేనేజరు కాకుల వైపు తిరిగి చేతులు జోడించాడు. “కొత్త ఇంజను వేస్తాం! వారంటీలోనే వేస్తాం!”

మెకానిక్కులు టాక్సీని లోపలికి తోశారు. జనం చప్పట్లు కొట్టారు.

గోడ చాటున పొద్దుటి నుంచి కర్రతో కాకులను తోలుతున్న పరుశురాం భార్య మంగ మాత్రం కర్ర దించలేదు.

“జర ఆగుండ్రి,” అంది కాకులతో. “బండి అమ్మిననాడు గుడ వీళ్లు గిట్లనే మాటిచ్చిండ్రు. ఇంజన్ పడ్డంక తిందురు.”